సైకిలు కుదుపులకూ లెక్క ఉంది

— బి.ఎస్సీ. విద్యార్థి, భౌతికశాస్త్ర విభాగం

బైకులు, షేర్ ఆటోలు వచ్చి ఎన్నేళ్ళయినా మన కాలేజీ సైకిలు స్టాండు ఇంకా ఖాళీ కాలేదు. చుట్టుపక్కల పల్లెల నుంచి రోజూ సైకిలు మీద వచ్చిపోయే విద్యార్థులం కొంతమందిమి ఉన్నాము. మాలో ఎవరిని కదిపినా ఒకటే మాట: "తొక్కడానికేముంది, ఎంత దూరమైనా తొక్కుతాం. ఆ సీటు మీద కూర్చోవడమే కష్టం." కాళ్ళు నొప్పెట్టి సైకిలు మానేసిన వాళ్ళను నేను చూడలేదు. నడుము నొప్పి వచ్చి మానేసిన వాళ్ళు మాత్రం మా ఊళ్ళోనే ఇద్దరున్నారు. ఇప్పుడు వాళ్ళ రోజువారీ ఆటో ఖర్చు ఇంట్లో వాళ్ళ మీద పడుతోంది. పాలు పోసి, కూరగాయలమ్మి కొడుకును చదివించే ఇంట్లో అది చిన్న ఖర్చేమీ కాదు. అందుచేత సైకిలు కుదుపు అనేది నలుగురూ కలిసి ఆలోచించదగ్గ విషయమని నా అభిప్రాయం.

ఈ కుదుపును తగ్గించే సాధనాలలో ఒకటి సస్పెన్షన్ సీటు పిల్లరు. సీటును మోసే గొట్టాన్ని మనవైపు సైకిలు షాపుల్లో సీటు పిల్లరు అంటారు. ఆ గొట్టంలోనే ఒక స్ప్రింగు గానీ రబ్బరు దిమ్మ గానీ అమర్చి, సీటు కొద్దిగా కిందికీ పైకీ ఆడేలా చేస్తే అదే సస్పెన్షన్ సీటు పిల్లరు. దానిని ఎలా ఎంచుకోవాలి? ఎలా కాపాడుకోవాలి? అసలు ఎవరికి అవసరం, ఎవరికి అనవసరం? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి పెద్ద ఇంజనీరింగు చదువు అక్కర్లేదు. మనం డిగ్రీ మొదటి సంవత్సరంలో చదివిన డోలనాల పాఠం చాలు.

కుదుపుతో పాత పోరు

1860లలో పారిస్‌లో పెడళ్ళున్న సైకిలు వాడకంలోకి వచ్చినప్పుడు దానికి చెక్క చక్రాలు, వాటి మీద ఇనుప పట్టాలు ఉండేవి. అంటే మన పాత ఎడ్లబండి చక్రమే అనుకోండి. రాళ్ళు పరిచిన వీధుల్లో ఆ బండి ఎక్కినవాడి ఒళ్ళు హూనమయ్యేది. ఇంగ్లీషువాళ్ళు దానికి ఎముకలు కదిలించేది అనే అర్థంలో 'బోన్‌షేకర్' అని పేరు పెట్టారు.

గాలి టైరుకు 1845లోనే రాబర్ట్ విలియం థామ్సన్ పేటెంటు పొందినా అది వాడుకలో నిలవలేదు. తరువాత 1888లో బెల్‌ఫాస్ట్ పట్టణంలో పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్, తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు తగ్గించడానికి చేసిన ప్రయత్నంతో గాలి టైరు ప్రపంచమంతా వ్యాపించింది. ఒక పిల్లవాడి నడుము కోసం మొదలైన ఆలోచన ఈనాటికీ మనందరినీ మోస్తున్నదన్నమాట.

మరోవైపు సీటు కిందనే స్ప్రింగులు పెట్టే పద్ధతి కూడా వచ్చింది. మన తాతల నాటి నల్ల సైకిలు సీటు వంచి చూడండి, వెనకవైపు రెండు లావుపాటి చుట్ట స్ప్రింగులు కనిపిస్తాయి. ఆ తోలు సీటును పాతకాలపుదని తీసిపారేసి, దాని బదులు సన్నటి స్పోర్ట్స్ సీటు వేయించుకునే వాళ్ళను చూస్తే నాకు జాలి కలుగుతుంది. వాళ్ళు డబ్బిచ్చి మరీ సస్పెన్షన్ తీయించుకుంటున్నారు!

మెత్తగా ఉంటే చాలదు

సీటు మీద దిండు లాంటి జెల్ కవరు తొడిగితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఎడ్లబండిలో గడ్డి పరిచినట్టే ఇది కూడా. గడ్డి వల్ల కూర్చున్న చోట ఒత్తిడి తగ్గుతుంది గాని, గతుకులో పడినప్పుడు వెన్నుకు తగిలే దెబ్బ పెద్దగా తగ్గదు. దెబ్బ తగ్గాలంటే మన కింద ఉన్నది తగినంత దూరం కదలాలి. ఆ కదలిక ఎంత ఉండాలన్నదే అసలు లెక్క.

స్ప్రింగు మీద బరువు పెడితే అది బరువుకు అనులోమంగా కుంగుతుంది. ఇది 1678లో రాబర్ట్ హుక్ ప్రకటించిన సూత్రం. మన బరువుకు స్ప్రింగు కుంగిన దూరాన్ని ఇక్కడ 'దిగుడు' అందాం. ఈ దిగుడు తెలిస్తే చాలు, ఆ స్ప్రింగు సహజ పౌనఃపున్యం, అనగా సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పేయవచ్చు. దిగుడును సెంటీమీటర్లలో కొలిచి, దాని వర్గమూలంతో 5ను భాగించండి. అంతే.

దిగుడు అర సెంటీమీటరైతే సెకనుకు సుమారు 7 ఊపులు. 1 సెంటీమీటరైతే 5 ఊపులు. 2 సెంటీమీటర్లయితే మూడున్నర. 4 సెంటీమీటర్లయితే రెండున్నర. మనిషి శరీరం గట్టి దిమ్మ కాదు కనుక ఈ లెక్క ఉజ్జాయింపే, కానీ సీటు ఎంచుకోవడానికి ఇది బాగా పనికివస్తుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. రోడ్డు నుంచి వచ్చే కుదుపుల పౌనఃపున్యం, స్ప్రింగు సహజ పౌనఃపున్యానికి సుమారు 1.4 రెట్లు దాటినప్పుడే స్ప్రింగు ఆ కుదుపును తగ్గిస్తుంది. రెండూ సమానమైతే అనునాదం ఏర్పడి కుదుపు తగ్గకపోగా పెరుగుతుంది. ఉయ్యాలను సరైన సమయానికి నెట్టినట్టే ఇది కూడా.

ఉదాహరణ చూద్దాం. వరినాట్ల రోజుల్లో దమ్ము చక్రాలతో రోడ్డెక్కిన ట్రాక్టరు తారు మీద గాట్లు పెట్టుకుంటూ పోతుంది. ఆ గాట్లు జానెడు జానెడు దూరంలో ఉన్నాయనుకుందాం. మనం గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతే సెకనుకు 4 మీటర్లకు పైగా కదులుతాం. అంటే సెకనుకు 19 గాట్ల దాకా తగులుతాయి. 1 సెంటీమీటరు దిగుడున్న సీటుకు (సెకనుకు 5 ఊపులు) ఇవి లెక్కే కాదు, చాలావరకు మింగేస్తుంది. అదే వేగంతో కాలవ గట్టు మీద, 80 సెంటీమీటర్లకొక పల్లం ఉన్నచోట పోతే? సెకనుకు సుమారు 5 కుదుపులు! సరిగ్గా స్ప్రింగు ఊగే లెక్క. మనిషి సీటు మీద ఎగిరెగిరి పడతాడు. పైగా కూర్చున్న మనిషి శరీరం నిలువు కంపనాలకు ఎక్కువగా బాధపడేది సెకనుకు 4 నుంచి 8 కంపనాల మధ్యనే. 'స్ప్రింగు పెట్టించినా బాగుపడలేదు' అని విసుక్కునే వాళ్ళలో చాలామంది బాధకు కారణం ఇదే అయి ఉండవచ్చు. అలాంటి చోట వేగం మార్చి చూడండి. అనునాదం తప్పిపోతుంది.

మరి స్ప్రింగును ఇంకా మెత్తగా, 6 సెంటీమీటర్లు దిగేలా చేస్తే? అప్పుడు సహజ పౌనఃపున్యం సెకనుకు 2 అవుతుంది. నిమిషానికి 60 చుట్లు పెడలు తొక్కేవాడు రెండు కాళ్ళతో సెకనుకు 2 సార్లు నొక్కుతాడు. ఇక రోడ్డు అవసరం లేకుండా మన తొక్కుడుకే సీటు ఊగడం మొదలవుతుంది. తొక్కిన శక్తి ఊగడానికే సరి. అతి మెత్తన కూడా పనికిరాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఊపు త్వరగా ఆగాలంటే కొంత అవరోధం ఉండాలి. చుట్ట స్ప్రింగుకు తనంతట తనకు ఊపును ఆపే గుణం తక్కువ. పాలీయూరిథేన్ రబ్బరు దిమ్మకు ఆ గుణం సహజంగానే ఉంటుంది. ఎగిరే బంతికీ, హవాయి చెప్పు ముక్కకూ ఉన్న తేడా లాంటిదిది.

డబ్బు ఖర్చు కాని పనులు ముందు

పిల్లరు కొనేముందు మూడు పనులు చేసి చూడమని నా మనవి.

మొదటిది గాలి. పంపు దొరికింది కదా అని టైరును రాయిలా కొట్టించుకుంటాం. టైరు పక్కన గాలి పీడనం హద్దులు ముద్రించి ఉంటాయి. సన్నగా ఉన్నవాళ్ళు ఆ హద్దుల్లో కింది అంకెకు దగ్గరగా కొట్టించుకుంటే చిన్న గతుకులు చాలావరకు టైరులోనే ఆగిపోతాయి. అంతకన్నా తగ్గిస్తే మాత్రం రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి రెండు చోట్ల చిల్లు పడుతుంది.

రెండవది మోకాళ్ళు. పెద్ద గుంట కనబడగానే పెడళ్ళు రెండూ సమంగా ఉంచి, సీటు మీద నుంచి కాస్త పైకి లేవండి. వంగిన మోకాలును మించిన సస్పెన్షన్ బజారులో దొరకదు.

మూడవది సీటు వంపు. ముక్కు పైకి లేచి ఉన్న సీటు ఒత్తిడి పెట్టకూడని చోట ఒత్తిడి పెడుతుంది. దానిని సమతలంగా అమర్చండి. ఈ మూడూ చేశాక కూడా నడుముకు తెరిపి లేకపోతే అప్పుడు పిల్లరు సంగతి ఆలోచించవచ్చు. హ్యాండిలు ఎత్తుగా ఉండి నిటారుగా కూర్చుని తొక్కేవాళ్ళకు బరువులో ఎక్కువ భాగం సీటు మీదే పడుతుంది కనుక, వాళ్ళకే దీనివల్ల ఎక్కువ మేలు.

ఎంపిక

బజారులో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. మొదటిది గొట్టంలో గొట్టం జారే రకం. లోపల స్ప్రింగు గానీ, స్ప్రింగూ రబ్బరు దిమ్మా రెండూ గానీ ఉంటాయి. చవక, తేలిక, రిపేరు సులభం. కానీ సీటు గొట్టం వెనక్కు వాలి ఉంటుంది కదా, మన బరువు నిలువుగా పడుతుంది. అందువల్ల లోపలి గొట్టం బయటి గొట్టాన్ని పక్కకు ఒత్తుతూ జారాలి. ఆ ఘర్షణ వల్ల చిన్న కుదుపులకు ఇది కదలకుండా మొరాయిస్తుంది.

రెండవది సమాంతర చతుర్భుజం ఆకారంలో నాలుగు కీళ్ళున్న రకం. ఇందులో సీటు వెనక్కూ కిందికీ కలిసి కదులుతుంది. జారే గొట్టం లేదు కనుక చిన్న కుదుపులకు కూడా స్పందిస్తుంది. ధర ఎక్కువ. కీళ్ళు నాలుగు కాబట్టి సంరక్షణా ఎక్కువే. వీటిలో విదేశాల నుంచి వచ్చేవి కొన్ని పాత సైకిలు ధర పలుకుతాయి. రోజూ పది కిలోమీటర్ల లోపు తొక్కే విద్యార్థికి మొదటి రకం సరిపోతుందని నా ఉద్దేశం.

కొనేముందు నాలుగు కొలతలు చూసుకోవాలి.

ఒకటి, వ్యాసం. ఇప్పటి గేరు సైకిళ్ళలో 27.2, 30.9, 31.6 మిల్లీమీటర్ల పిల్లర్లు ఎక్కువ. పాత పిల్లరు బయటకు తీస్తే చాలాసార్లు కింది భాగంలో అంకె కొట్టి ఉంటుంది. లేకపోతే వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవండి. ల్యాబులో స్థూపం వ్యాసం కనుక్కునే ప్రయోగం మనకు నిజంగా పనికివచ్చే సందర్భం ఇదొకటి! పిల్లరు సన్నమైతే మధ్యలో అల్యూమినియం తొడుగు వేసి బిగించవచ్చు. లావైతే మాత్రం చేసేదేమీ లేదు. అరగదీసి దూర్చే ప్రయత్నం చేయకూడదు.

రెండు, ఖాళీ. సస్పెన్షన్ పిల్లరు పైభాగంలోని స్ప్రింగు కట్టు ఫ్రేములోకి దిగదు. కాబట్టి ఫ్రేము పైఅంచుకూ సీటుకూ మధ్య తగినంత చోటుండాలి. పెద్ద ఫ్రేమున్న నల్ల సైకిలు మీద మధ్యరకం ఎత్తున్న మనిషికి సీటు దాదాపు ఫ్రేముకు ఆనే ఉంటుంది. అలాంటి సైకిలుకు ఈ పిల్లరు పెడితే కాళ్ళు పెడళ్ళకు అందవు. వాళ్ళు స్ప్రింగుల తోలు సీటునే నమ్ముకోవడం మంచిది.

మూడు, బరువు. తయారీదారు చెప్పిన బరువు హద్దు చూడాలి. 50 కిలోల విద్యార్థికీ, 85 కిలోల లెక్చరరు గారికీ ఒకే స్ప్రింగు పనికిరాదు. గట్టి, మెత్త స్ప్రింగులు విడిగా దొరికే రకం కొనుక్కుంటే మంచిది.

నాలుగు, కదలిక. జారే రకంలో మొత్తం కదలిక సుమారు 4 సెంటీమీటర్లుంటే మన రోడ్లకు చాలు.

అమరిక

పిల్లరు బిగించాక దిగుడు సరిచూడాలి. ఒక మిత్రుణ్ణి స్కేలుతో పక్కన నిలబెట్టి, మీరు గోడ పట్టుకుని మామూలుగా తొక్కే భంగిమలో కూర్చోండి. సీటు ఎంత దిగిందో కొలవమనండి. మొత్తం కదలికలో నాలుగోవంతు దిగితే సరి. 4 సెంటీమీటర్ల కదలికకు 1 సెంటీమీటరు అన్నమాట. అసలు దిగకపోతే స్ప్రింగు మీకు గట్టిది. సగానికి పైగా దిగితే మెత్తది, పెద్ద గుంటలో ఠక్కున అడుగంటుతుంది.

పిల్లరు అడుగున ఒక మర ఉంటుంది. అలెన్ కీతో దానిని లోపలికి తిప్పితే స్ప్రింగు ముందే కొంత నొక్కుకుంటుంది, దిగుడు తగ్గుతుంది. ఇక్కడ ఒక అపోహ ఉంది. మర బిగిస్తే స్ప్రింగు గట్టిపడిందనుకుంటారు. హుక్ సూత్రం ప్రకారం స్ప్రింగు బల స్థిరాంకం మారదు, మారేది మొదలయ్యే చోటు మాత్రమే. అందుకే మర ఎంత బిగించినా దిగుడు ఎక్కువగానే ఉంటే స్ప్రింగునే మార్చాలి. (పైన చెప్పిన 5ను భాగించే లెక్కలో, మర వల్ల నొక్కుకున్న దూరాన్ని కూడా దిగుడుకు కలుపుకోవాలి.) ఆ మర ఎప్పుడూ పిల్లరు అంచు దాటి బయటకు పొడుచుకు రాకూడదు. వస్తే పట్టు చాలక ఊడిపోతుంది.

మీరు కూర్చోగానే సీటు 1 సెంటీమీటరు దిగుతుంది కనుక, పాత ఎత్తుకు 1 సెంటీమీటరు కలిపి బిగించండి. లేకపోతే నడుము బాగుపడి మోకాళ్ళు నొప్పెడతాయి. పిల్లరు మీద గీసి ఉన్న కనీస లోతు గీత మాత్రం ఫ్రేము లోపలే ఉండాలి. ఆ గీత బయటకు కనబడేలా తొక్కితే ఫ్రేము చీలవచ్చు, పిల్లరు విరగవచ్చు.

ఇంకొక హెచ్చరిక. వెనక కేరియరు మీద కూర్చున్న చిన్నపిల్లలు పట్టు కోసం సీటు కింద చేయి పెడతారు. స్ప్రింగు నొక్కుకున్నప్పుడు వేళ్ళు నలుగుతాయి. తమ్ముణ్ణో చెల్లెల్నో ఎక్కించుకునే వాళ్ళు సీటు కింద భాగాన్ని కవరుతో మూసేయాలి.

సంరక్షణ

రైతు బిడ్డలకు సంరక్షణ గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. మోటారు బుష్ అరిగితే ఏమవుతుందో, గ్రీజు పెట్టని బేరింగు ఎలా అరుస్తుందో మనకు తెలుసు. ఇదీ అంతే.

బురదలో తిరిగిన రోజు పొడిగుడ్డతో జారే గొట్టాన్ని తుడవాలి. ఇసుక రేణువు లోపలికి పోతే ఆకురాయిలా పనిచేస్తుంది. పాత సైకిలు ట్యూబు ముక్క కోసి ఆ భాగానికి తొడిగితే దుమ్ము రాదు, పైసా ఖర్చు లేదు.

తొలకరికి ముందు ఒకసారి, సంక్రాంతి సెలవుల్లో ఒకసారి పిల్లరును పూర్తిగా బయటకు తీయండి. అల్యూమినియం పిల్లరు ఇనుప ఫ్రేములో నెలల తరబడి తడిలో ఉంటే రెండు లోహాల మధ్య విద్యుత్ రసాయన చర్య జరిగి పిల్లరు అతుక్కుపోతుంది. తరువాత సుత్తికి కూడా లొంగదు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇది మరీ తొందరగా జరుగుతుంది. తుడిచి, పలచగా గ్రీజు రాసి మళ్ళీ పెడితే ఆ బెడద ఉండదు. స్ప్రింగు తీసి దానికీ, బుష్‌లకూ గ్రీజు పట్టించండి. ఏ మరను ఎన్ని చుట్లు విప్పారో కాగితం మీద రాసుకోండి.

రబ్బరు దిమ్మలను కిరోసిన్, పెట్రోలుతో కడగకూడదు. కొన్ని రకాల రబ్బరు వాటిలో ఉబ్బి పాడవుతుంది. సబ్బునీళ్ళు చాలు. దిమ్మ మీద పగుళ్ళు వచ్చినా, బరువు తీసేశాక తిరిగి పూర్వపు ఎత్తుకు రాకపోయినా మార్చాల్సిందే.

నెలకొకసారి సీటు ముక్కు పట్టుకుని అటూ ఇటూ ఆడించి చూడండి. జారే రకంలో కొద్దిపాటి ఆట సహజం. టకటకమని శబ్దం వస్తే పైన ఉన్న కాలరు మర వదులైనా అయి ఉండాలి, బుష్ అరిగైనా ఉండాలి. కాలరును అతిగా బిగిస్తే మాత్రం పిల్లరు పట్టేస్తుంది, స్ప్రింగు ఉండీ లేనట్టే. సీటు బిగించే చోట వెంట్రుకవాసి పగులు కనబడినా ఆ పిల్లరును పక్కన పెట్టేయండి. అల్యూమినియం పిల్లరుకు వెల్డింగు పెట్టించి తొక్కడం ప్రాణాపాయం.

తోలు సీటున్న వాళ్ళు వానలో పాలిథిన్ సంచి తొడగడం, స్ప్రింగులకు అప్పుడప్పుడు నూనె చుక్క వేయడం మరవకూడదు.

చివరిగా

మా నాన్న పాతికేళ్ళుగా ట్రాక్టరు నడుపుతున్నారు. ఆయన నడుముకు బెల్టు కట్టుకోకుండా పొలం వెళ్ళలేరు. ట్రాక్టరు సీటు కింద డ్రైవరు బరువును బట్టి తిప్పుకునే మర ఒకటుంటుంది. మా ఊళ్ళో దానిని తిప్పినవాణ్ణి నేను చూడలేదు. కంపెనీ ఎలా బిగించి పంపిందో అలాగే, కొన్నవాడు బక్కవాడైనా బొద్దువాడైనా, ఏళ్ళ తరబడి దాని మీదే కూర్చుంటారు. ఈ వేసవి సెలవుల్లో మా ట్రాక్టరు సీటుకు కూడా స్కేలు పెట్టి దిగుడు కొలిచి, ఆ మర తిప్పాను. పాతికేళ్ళ నొప్పి ఒక మరతో పోదు. అయినా ఆ సాయంత్రం పొలం నుంచి వచ్చి, "ఏం చేశావురా, ఇవాళ ఎగరేయడం లేదు" అన్నారు నాన్న.

విద్యార్థి సంఘం వారికి ఈ సంచిక ద్వారా ఒక చిన్న విన్నపం. మన సైకిలు స్టాండు దగ్గర పీడనం చూపించే పంపు ఒకటి, అలెన్ కీల సెట్టు ఒకటి, రెండు స్పానర్లు, ఒక గ్రీజు డబ్బా ఉంచితే చాలు. స్కేలు ప్రతి విద్యార్థి సంచిలోనూ ఉంటుంది. లెక్క చెప్పడానికి భౌతికశాస్త్రం విద్యార్థులం మేమున్నాము. శనివారం మధ్యాహ్నం క్లాసులయ్యాక ఎవరు సైకిలు తెచ్చినా దిగుడు కొలిచిపెడతాము.